దుబాసీ అక్కర్లేదన్న మేస్త్రి

పిల్ల రానంది. కిందటి నెల రానంది, కిందటి వారం రానంది, ఇవాళ పొద్దున పళ్ళు తోముకుంటూ నోట్లో నురగతోనే మళ్ళీ రానంది. ఎందుకు రావే అంటే మాత్రం చెప్పదు. పుక్కిలించి ఉమ్మేసి, తుండు భుజాన వేసుకుని, ఎడమ కాలు కాస్త ఈడుస్తూ లోపలికి వెళ్ళిపోయింది. గుమ్మంలో నిలబడ్డ తండ్రికి, రంగుల మేస్త్రికి, ఎటూ పాలుపోలేదు. ఎందుకంటే ఇవాళ మధ్యాహ్నమే పరాయి దేశంలోని ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ ఫోన్లో కనిపించబోతోంది. పిల్ల తన నోటితో తాను ఒప్పుకుంటేనే ఆపరేషన్‌కి తేదీ ఇస్తారు. పన్నెండేళ్ళు దాటిన పిల్లల విషయంలో ఆ ఆసుపత్రి పద్ధతి అది. ఒప్పుకోకపోతే ఆ చోటు వరసలో ఉన్న ఇంకో పిల్లకి వెళ్ళిపోతుంది.

పిల్లకి పుట్టుకతోనే ఎడమ కాలు వంకర, దానికి తోడు పొట్టి. ఎనిమిదో ఏట పరాయి దేశంలో ఒక మహానగరానికి తీసుకెళ్ళి వంకర తీయించారు. పొట్టితనం అలాగే ఉంది. ఒళ్ళు ఎదుగుతుండగానే రెండో ఆపరేషన్ చేస్తే ఆ కాలు మాట వింటుందనీ, ఎదుగుదల ఆగిపోయాక మొండికేస్తుందనీ అప్పుడే చెప్పి పంపారు. ఇప్పుడు పిల్లకి పదమూడు. ఈ ఏడాది దాటనివ్వొద్దని డాక్టరమ్మ రెండుసార్లు కబురు పెట్టింది. ఆపరేషనూ మందులూ వార్డులో పిల్ల తిండీ ఆసుపత్రి ధర్మనిధి చూసుకుంటుంది. రానూపోనూ ఖర్చూ, తల్లీతండ్రీ అక్కడ మూడు నెలలు బతకటమూ మాత్రం ఎవరి తిప్పలు వాళ్ళవే.

ఆ తిప్పలంటే మేస్త్రికి ప్రాణం. ఇదేమీ ఎగతాళికి అనటం లేదు. గోడ వైపు ఒక్కసారి చూసి ఎంత రంగు పడుతుందో చెప్పేస్తాడు, చెప్పినదాంట్లో ఒక డబ్బా మిగిల్చి ఇంటాయన చేతిలో పెట్టి, ఆయన ఆశ్చర్యపోతుంటే కడుపు నింపుకునే మనిషి అతను. తక్కువలో ముగించటం అతనికి విద్య, వినోదం, కొంచెం జబ్బు కూడా. పోయిన ప్రయాణం అతని జీవితంలో అతి గొప్ప పని. అద్దె కట్టకుండా అద్దెకున్నాడు. ఎలాగంటే, ఇంటావిడ మెట్లదారి గోడలన్నీ గీకి, లప్పం పెట్టి, రంగు వేసి ఇచ్చాడు. ట్రాము ఎక్కకుండా వంతెన మీద నడిచాడు. రొట్టెల కొట్టు మూసే వేళకి వెళ్ళి నిలబడి, పొద్దుటి రొట్టెలు సగం ధరకి తెచ్చాడు. నీళ్ళ సీసా ఒక్కటి కూడా కొనలేదు. ఇవన్నీ ఊరికే చేయలేదు, తిరిగొచ్చాక అయిదేళ్ళుగా అందరికీ చెప్పుకుంటున్నాడు. నిచ్చెన మీద నిలబడి చెప్తాడు, నిచ్చెన దిగి చెప్తాడు. వినేవాళ్ళు పడీ పడీ నవ్వుతారు.

వాటిలో అందరికీ బాగా నచ్చేది ఆసుపత్రి పళ్ళెం కథ. వార్డులో పిల్లకి పూటపూటా పెద్ద పళ్ళెం వచ్చేది. సూపు, రొట్టె, ఉడికించిన దుంపలు, మాంసం ముక్క, ఒక పండు. పిల్ల సగం తిని చాలనేది. అంత తిండి పారేస్తారా ఎవరైనా? సగంలో సగం మొగుడు, సగంలో సగం పెళ్ళాం. "మధ్యాహ్నం భోజనానికి రోజూ పెద్దాసుపత్రికి వెళ్ళేవాళ్ళం, వేళకి వెళ్ళకపోతే డాక్టర్లు బాధపడతారని!" అంటాడు మేస్త్రి. ఈ మాట దగ్గర బావమరిది ప్రతిసారీ తొడ చరుచుకుని నవ్వుతాడు. పిల్ల మాత్రం ఈ కథ మొదలవగానే లేచి వెళ్ళిపోతుంది. పాపం ఆ నొప్పులన్నీ గుర్తొస్తాయి కాబోలు అనుకునేవాడు తండ్రి.

నొప్పులు తక్కువేం పడలేదు. రెండు నెలల్లో తిరిగి రావలసిన వాళ్ళు అయిదో నెల దాకా ఉండిపోయారు. ఎముక అతుక్కోలేదు. డాక్టర్లు ఫోటోలు తీశారు, మందులు మార్చారు, పిల్ల బరువు చూసి తలలు పట్టుకున్నారు. పరాయి తిండి ఒంటికి పడలేదని తల్లి అంది. చలి పడలేదని తండ్రి అన్నాడు. చివరికి అతుక్కుంది, వచ్చేశారు.

ఈసారి ప్రయాణం గురించి మేస్త్రి ఏడాదిగా నోటిలెక్కలు కడుతున్నాడు. అన్నం ముందు కూర్చుంటే అదే మాట. బియ్యం, పప్పు ఇక్కడి నుంచే. స్టవ్ ఇంటావిడ ఇస్తుంది. ఆవిడ వెనక గదికి ఈసారి కిటికీ చెక్కలకి రంగు వేస్తే చాలునట. ఒళ్ళు వెచ్చగా ఉండే కోట్లు పాతవి ఉన్నాయి, పిల్లకి కోటు చేతులు పొట్టవుతాయి, పరవాలేదు, వార్డులో వెచ్చగానే ఉంటుంది.

"మరి మధ్యాహ్నాలు?" అంది పెళ్ళాం కిందటి నెల ఒక పూట. ఆవిడ లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది, పొద్దంతా నిలబడే ఉంటుంది కాబట్టి ఇంట్లో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ గోడకి ఆనుకుని కూర్చుంటుంది.

"మధ్యాహ్నాల సంగతి డాక్టర్లు చూసుకుంటారులే" అని మేస్త్రి కన్ను గీటాడు.

బావమరిది తొడ చరుచుకున్నాడు. టికెట్లకి బేరం కుదిర్చింది అతనే, కాబట్టి ఈ ప్రయాణంలో తనకూ వాటా ఉన్నట్టు రోజూ వస్తున్నాడు. "బావా, నిన్ను ఆ దేశం వాళ్ళు మంత్రిని చేసుకుంటే అప్పులన్నీ తీరిపోను" అన్నాడు. పిల్ల అప్పుడే చెయ్యి కడుక్కుంది. పళ్ళెంలో అన్నం సగం అలాగే ఉంది.

"తినేసి లేవవే" అంది తల్లి.

"నేను రాను" అంది పిల్ల. మొదటిసారి అనటం అప్పుడే.

ఆ రోజు నుంచి బుజ్జగింపులు అయ్యాయి, కేకలు అయ్యాయి. మేనమామ పెద్ద బొమ్మల పుస్తకం తెచ్చాడు, పనికిరాలేదు. తల్లి ఒకరోజంతా మాట్లాడకుండా చూసింది, పిల్ల హాయిగా మాట్లాడకుండా ఉండిపోయింది. మేస్త్రి ఒకసారి పని దగ్గరికి వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఖాళీ ఇల్లు, తడి రంగు వాసన. పిల్లని కిటికీ గట్టు మీద కూర్చోబెట్టి, తను నిచ్చెన కింద మెట్టు మీద కూర్చున్నాడు.

"నొప్పికి భయమా తల్లీ? ఈసారి మందులు మంచివొచ్చాయట."

"కాదు."

"అయితే బడి పోతుందనా?"

"కాదు నాన్నా."

"కాలు బాగుపడితే నీకే కదే మంచిది. రేపు పెద్దదానివై ఎవరి ముందూ..." అని ఆగిపోయాడు. ఎవరి ముందూ ఏమిటో అతనికే తెలియలేదు. తెలిసినా ఆ మాట పిల్ల ముందు అనే ధైర్యం లేదు.

"నాకిలాగే బాగుంది" అంది పిల్ల. "ఇలాగే నడుస్తాను. మనం ఎక్కడికీ వద్దు." చెప్తూ గట్టు మీది ఎండిన లప్పం పెళ్ళలు గోటితో గీకుతూ కూర్చుంది. మేస్త్రికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. అయిదేళ్ళు రెండు కాళ్ళ మీద నిలబడి కూడబెట్టినదాన్ని ఇది ఒక్క మాటతో తుడిచేస్తోందే అనుకున్నాడు. ఆ అనుకోవటం మొహంలో కనిపించే ఉంటుంది. పిల్ల దిగి బయటికి నడిచింది.

డాక్టరమ్మ ఫోను సంగతి వచ్చినప్పుడు ఆసుపత్రి వాళ్ళు దుబాసీని పెట్టమంటారా అని అడిగారు. పోయినసారి వార్డులో ఒకాయన ఉండేవాడు, రెండు భాషలూ గడగడా మాట్లాడేవాడు. ఇప్పుడు ఫోన్లో కూర్చోబెడితే ఆయనకి వేరే రుసుం కట్టాలి.

"కట్టేద్దాం. ఈ ఒక్కదానిలో పిసినారితనం చెయ్యకు" అంది పెళ్ళాం.

"నాకు భాష రాదా ఏం? అయిదు నెలలు ఇంటావిడతో ఎవరు మాట్లాడారు, నువ్వా?"

"రంగులూ డబ్బాలూ మాట్లాడావు. ఇది పిల్ల కాలు."

"కాలు అనే మాట కూడా వచ్చు నాకు" అని మేస్త్రి దుబాసీ అక్కర్లేదని చెప్పేశాడు. రుసుం మిగులుతుందన్నది సగం నిజం. రెండో సగం అతను పెళ్ళానికి చెప్పలేదు, తనకి తను కూడా గట్టిగా చెప్పుకోలేదు. దుబాసీ ఉంటే పిల్ల నోట్లోంచి వచ్చిన మాట తిన్నగా డాక్టరమ్మ చెవిలో పడుతుంది. దుబాసీ లేకపోతే ఆ మాట తన మీదుగా వెళ్ళాలి.

మధ్యాహ్నమైంది. ఫోను నిలబెట్టటానికి బల్ల మీద రంగు డబ్బా పెట్టారు. ముగ్గురూ ఎదురుగా కూర్చున్నారు, పిల్ల మధ్యలో. పెళ్ళాం లాండ్రీలో సెలవు పెట్టి వచ్చింది, చీర మార్చుకుంది, ఫోన్లో నడుం పై భాగమే కనిపిస్తుందని తెలిసినా చెప్పులు కూడా వేసుకుంది. మేస్త్రి రెండు చేతులూ కిరసనాయిలుతో తోముకుని కూర్చున్నాడు. ఎంత తోమినా గోళ్ళ సందుల్లో నీలం వదలలేదు.

డాక్టరమ్మ కనిపించింది. జుట్టు తెల్లబడింది గాని అదే మనిషి. పిల్లని చూసి చెయ్యి ఊపింది, పిల్ల కూడా ఊపింది. డాక్టరమ్మ నిదానంగా, మేస్త్రికి అర్థమయ్యేలా మాట విడదీసి మాట్లాడింది. కాలు చూపించమంది, నడిచి చూపించమంది. పిల్ల గోడ దాకా నడిచి వచ్చింది. అంతా బాగానే జరుగుతోంది.

తరవాత డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి, ముందుకు వంగి, పిల్ల కళ్ళలోకి చూస్తూ అడిగింది. మేస్త్రి ఇంట్లో మాటలోకి తెచ్చాడు. "నీకు ఇష్టమేనా అంటోంది."

పిల్ల డాక్టరమ్మనే చూస్తూ చెప్పింది. "ఇష్టం లేదు. నేను రాను. మీరు మంచివాళ్ళే, కానీ నేను రాను."

ఫోన్లో డాక్టరమ్మ ఎదురుచూస్తోంది. పెళ్ళాం చెయ్యి మేస్త్రి మోచేతి మీద పడింది. చెప్పమనో వద్దనో అతనికి తెలియలేదు. ఇక్కడ ఒక్క మాట మారిస్తే చాలు. తేదీ ముందు పడనీ, ఫోను పెట్టేశాక పిల్లకి ఎలాగైనా నచ్చజెప్పుకోవచ్చు. అలా అనుకునేసరికే నోరు తెరిచేశాడు. అతనికొచ్చిన ఆ విరిగిన భాషలో అన్నాడు. "అమ్మాయి చెప్తోంది, కొంచెం భయం. కానీ అవును. అవును, వస్తుంది."

డాక్టరమ్మ మొహం విప్పారింది. పిల్ల వైపు చూసి హాయిగా నవ్వి, శభాష్ అన్నట్టు బొటనవేలు పైకెత్తింది. పక్కనున్న కాగితాలు మళ్ళీ ముందుకు లాక్కుంది.

పిల్ల మెల్లగా తండ్రి వైపు తిరిగింది.

"నేను రానంటే ఆవిడ నవ్విందేంటి నాన్నా?"

మేస్త్రి ఫోను వైపే చూస్తూ అన్నాడు. "అది... ధైర్యం చెప్తోంది..."

"నేను రానంటే ధైర్యం ఎందుకు చెప్తుంది?" పిల్ల గొంతు పెద్దదేం కాలేదు. కళ్ళలో మాత్రం నీళ్ళు గిర్రున తిరిగాయి. "నువ్వేం చెప్పావు?"

తల్లి మొగుడి మోచెయ్యి వదిలేసింది. ఆ వదలటంలో మేస్త్రికి తిట్లన్నీ వినిపించాయి. ఫోన్లో డాక్టరమ్మ నవ్వు ఆపి, ఏమైందన్నట్టు అటూ ఇటూ చూస్తోంది. కాలవ గట్టున ఎత్తయిన గోడలకి రంగు వేస్తూ తాడుకి వేలాడిన మనిషి మేస్త్రి, ఎప్పుడూ కళ్ళు తిరగలేదు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని బల్ల అంచు పట్టుకున్నాడు.

"క్షమించాలి" అన్నాడు డాక్టరమ్మతో, ఆ భాషలో. "నేను తప్పు చెప్పాను. కావాలని చెప్పాను. అమ్మాయి వద్దంది. మీరు మంచి అంది, కానీ వద్దంది."

డాక్టరమ్మ కోప్పడుతుందనుకున్నాడు, ఫోను పెట్టేస్తుందనుకున్నాడు. ఆవిడ కలం కింద పెట్టి, ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. మేస్త్రి దాన్ని మాటకి మాట ఇటు తెచ్చాడు. "ఎందుకు వద్దో అడగమంటోంది. నొప్పి అయినా, ఇంకేమైనా, ఏదైనా పరవాలేదట. ఈసారి నువ్వన్నదే చెప్తాను తల్లీ. ఒట్టు."

పిల్ల ఎవరి వైపూ చూడలేదు, బల్ల వైపు చూస్తూ చెప్పింది.

"మీరు తినరు అక్కడ. వార్డుకి వచ్చేటప్పుడు రోజూ తినేసి వచ్చామని చెప్పేవాళ్ళు. అమ్మ కడుపులో చప్పుళ్ళు నాకు వినపడేవి. అమ్మ ఒకరోజు కిటికీ దగ్గర పడిపోయింది, కాలు జారిందని చెప్పావు నువ్వు. నర్సు పళ్ళెం తేగానే మీరిద్దరూ పళ్ళేన్నే చూసేవాళ్ళు. నన్ను చూసేవాళ్ళు కాదు. నాకు ఇంకా తినాలని ఉండేది. కానీ చాలనేదాన్ని." ఆగి ముక్కు ఎగబీల్చింది. "మాంసం ముక్క ముందు పక్కకి పెట్టేదాన్ని, పొరపాటున తినేస్తానేమోనని. ఇంకా ఆకలేస్తే దుప్పటి కొస నోట్లో కుక్కుకునేదాన్ని. మళ్ళీ మూడు నెలలు నేనలా ఉండలేను. మీరు నవ్వుతూ చెప్తారు అది అందరికీ."

తల్లి నోటి మీద కొంగు పెట్టుకుంది. "నీకు అక్కడి తిండి పడలేదనుకున్నాను కదే" అంది. "చాలు చాలు అంటుంటే నిజమనే..."

మేస్త్రికి అతుక్కోని ఎముక ఫోటోలు కళ్ళ ముందు కనిపించాయి. వార్డులో బరువు చూసే యంత్రం మీద నిలబడ్డ ఎనిమిదేళ్ళ పిల్ల, ముల్లు కదలనందుకు తిట్టుకుంటూ పక్కన తను. నెలకి నెల పెరిగిన మకాం. రూపాయి మిగిల్చానని ఊరంతా చెప్పుకున్నాడు. పిల్ల నోటి ముందు కూడు లాక్కుని తిని, దాన్నే నిచ్చెనల మీద నిలబడి కథగా చెప్పాడు.

"చెప్పు" అంది పిల్ల. "అంతా చెప్తానన్నావు."

అతనికొచ్చిన భాష గోడలదీ డబ్బాలదీ. ఇంత మాటకి అది చాలదు. అయినా ఉన్న ముక్కలే ఒక్కొక్కటీ ఏరుకుని, డాక్టరమ్మ కళ్ళలోకి చూస్తూ చెప్పాడు.

"పోయినసారి అమ్మాయికి ఆకలి ఉంది. రోజూ ఆకలి. సగం తినలేదు. మా కోసం తినలేదు. మా దగ్గర తిండి తక్కువ, అది ఆమెకి తెలుసు. మేము ఆమె అన్నం తిన్నాం. నేను తిన్నాను. ఎముక తప్పు కాదు. నా తప్పు."

డాక్టరమ్మ ఈసారి నవ్వలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, అరచేత్తో నుదురు పట్టుకుంది. పిల్ల ఆ మొహాన్నే చూస్తోంది, కన్నార్పకుండా, లెక్క అప్పజెప్పించుకునే టీచరులా. చూసి చూసి, అరచేత్తో చెంపలు తుడుచుకుంది.

"ఇప్పుడు సరిగ్గా చెప్పావు" అంది.

డాక్టరమ్మ మళ్ళీ మాట్లాడింది. మేస్త్రి విన్నాడు, ఒకసారి మళ్ళీ అడిగి విన్నాడు, తరవాత పిల్ల వైపు తిరిగాడు. "ఈసారి వస్తే మీ అమ్మా నేనూ ఏం తింటామని అడుగుతోంది."

"ఏం తింటారు?" అంది పిల్ల కూడా.

డాక్టర్లు చూసుకుంటారని కన్ను గీటిన మనిషి అతనే. లేదని చెప్పటం అతనికి ఇంతకుముందెప్పుడూ రాలేదు, ఇప్పుడు నేర్చుకున్నాడు. "ఇప్పటికి ఏమీ లేదు తల్లీ. నేను దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. ఏడాది చివరిదాకా ఆగమని అడుగుతాను. ఈలోగా మా ఇద్దరి తిండికీ డబ్బు కూడదీస్తాను. కూడకపోతే బయలుదేరం. ఆవిడ ఆగనంటే వేరే దారి చూద్దాం. అంతేగానీ నిన్ను అలా తీసుకెళ్ళను."

"నేను లాండ్రీలో సాయంత్రం పని కూడా చేస్తాను" అంది తల్లి.

"నా ముందే తినాలి" అంది పిల్ల. "రోజూ. తినేసి వచ్చామంటే ఒప్పుకోను."

"నీ ముందే."

"నీ పళ్ళెంలో నువ్వు. అమ్మ పళ్ళెంలో అమ్మ."

"అలాగే."

"ఆ కథ మామయ్యకి మళ్ళీ చెప్పకూడదు."

మేస్త్రి చెప్పనన్నట్టు తల అడ్డంగా ఊపాడు. పిల్ల ఆలోచించింది. బల్ల కింద ఎడమ పాదాన్ని కుడి పాదం మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. డాక్టరమ్మ తొందరపెట్టలేదు. వెనక ఎవరో తలుపు తీసి పిలిస్తే, చేత్తోనే ఆగమని చెప్పింది.

"అయితే అడుగు" అంది పిల్ల. "ఏడాది చివర అయితే వస్తానని చెప్పు. అలాగే చెప్పు."

మేస్త్రి అలాగే చెప్పాడు. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క మిగల్చలేదు. డాక్టరమ్మ సరేనన్నట్టు తల ఊపింది. తరవాత ఏదో అంది, కాస్త పెద్ద మాటే. పిల్ల ఈసారి ఫోను వైపు చూడలేదు. తండ్రి మొహం వైపు తిరిగింది.

"ఏమంది నాన్నా?"